పూలూ చెప్పులూ కాదు, ముందు ఒక జీపు

2025 అక్టోబర్ 17న నిజామాబాద్‌లో ఒక సీసీఎస్ కానిస్టేబుల్ హత్యకు గురయ్యాడు. దొంగతనాల కేసుల్లో నిందితుడిని పట్టుకుని బైక్ మీద స్టేషన్‌కు తీసుకెళ్తుంటే, అతను కత్తితో పొడిచాడు. చుట్టూ ఉన్న జనం ముందుకు రాలేదని వార్తలొచ్చాయి. మూడు రోజుల తర్వాత ఆ నిందితుడు ప్రభుత్వాసుపత్రిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తుపాకీ లాక్కోబోయాడు కాబట్టి కాల్చాల్సి వచ్చిందన్నారు పోలీసులు. సోషల్ మీడియాలో సంబరాలు. చెల్లుకు చెల్లు అన్నమాట.

అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆ సంబరాల్లో కొట్టుకుపోయింది. కత్తి దాచుకున్న మనిషిని ఒక కానిస్టేబుల్ బైక్ మీద ఎందుకు తీసుకెళ్లాల్సొచ్చింది? జీపు ఏదీ? పక్కన సాయంగా ఉండాల్సిన మనుషులేరీ? మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, రెండ్రోజుల్లో రూట్ కాజ్ అనాలిసిస్ రాయాలి. ఎవడిది తప్పు అని కాదు, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం మార్చాలి అని. ఒక సర్వర్‌కి ఇచ్చే ఈపాటి శ్రద్ధ కానిస్టేబుల్ ప్రాణానికి ఇవ్వమని మనమెవరం గట్టిగా అడగలేదు. నిందితుడు చచ్చిపోయాడు కాబట్టి కథ అయిపోయిందనుకున్నాం. రేపు ఇంకో కానిస్టేబుల్ ఇంకో నిందితుడిని అలాగే బైక్ ఎక్కించుకుంటాడు.

పోలీసుల పట్ల మన వైఖరి ఎంత నిలకడలేనిదో 2019లోనే చూశాం. నవంబర్ చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. మా పరిధి కాదంటూ కేసు నమోదులో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. షాద్‌నగర్ స్టేషన్ ముందు జనం పోలీసుల మీద చెప్పులు విసిరారు. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోగానే అక్కడే పోలీసుల మీద పూలు చల్లారు. మధ్యలో గడిచింది వారం. ఆ వారంలో పోలీసు వ్యవస్థలో ఏం మారింది? ఏమీ లేదు. ఫిర్యాదు తీసుకోవడానికి ఏ పరిధి అడ్డొచ్చిందో ఆ ప్రశ్న పూల కింద పడిపోయింది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత, ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్లెవరూ కనపడలేదు.

ఇదంతా మనకు సినిమా నేర్పింది. ‘అంకుశం’ (1989) నుంచి ‘టెంపర్’ (2015) దాకా మనం ఈలలు వేసింది ఒంటిచేత్తో న్యాయం చేసే ఇన్‌స్పెక్టర్‌కే. ఆయనకు షిఫ్టు ఉండదు, సెలవు ఉండదు, జీపులో డీజిల్ అయిపోదు. కానిస్టేబుల్ మాత్రం కామెడీ ట్రాక్‌లో పొట్ట మీద బెల్టు సర్దుకుంటూ ఉంటాడు. నిజంగా ఎండలో నిలబడేది, బందోబస్తులో తిండి మానేది, డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో బండికి అడ్డంగా నిలబడేది ఆ కానిస్టేబులే.

“వాళ్లు ప్రాణాలకు తెగించి పనిచేస్తుంటే ఏసీలో కూర్చుని నీతులా?” అంటారు. ప్రమాదం నిజమే. 1993లో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో వ్యాస్‌ను, 1999లో ఎస్సార్ నగర్‌లో నడిరోడ్డు మీద ఉమేశ్‌చంద్రను కాల్చి చంపారు. ఇద్దరూ పెద్ద ఐపీఎస్ అధికారులే. వాళ్లకే రక్షణ లేకపోతే కిందివాళ్ల సంగతి చెప్పాలా? కానీ ప్రమాదం నిజమైతే చేయాల్సింది దాన్ని తగ్గించడం. మనం దాన్ని చట్టానికి అతీతంగా పోవడానికి లైసెన్సుగా మారుస్తున్నాం. అది కానిస్టేబుల్‌నేమీ కాపాడదు. స్టేషన్‌కు వెళ్తే బతికి బయటికి రానని భయపడే నేరస్థుడు తేలిగ్గా లొంగడు, కత్తి తీస్తాడు. ఎన్‌కౌంటర్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ అరెస్టు చేయడానికెళ్లేవాడికే ముప్పు పెరుగుతుంది.

మరి పోలీసులే నోరు విప్పితే? 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది గొంతెమ్మ కోరికలేం కాదు. మా ఆయన్ని ఊరూరూ తిప్పొద్దు, ఒకచోట ఉండనివ్వండి, పిల్లల్ని చూసుకోనివ్వండి అన్నారు. కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు. ప్రభుత్వం 39 మందిని సస్పెండ్ చేసి, మరో పదిమందిని ఉద్యోగంలోంచి తీసేసింది. 1966 నాటి చట్టం ప్రకారం పోలీసులు అనుమతి లేకుండా యూనియన్‌లో చేరకూడదు. అంటే చావొచ్చు కానీ సెలవు అడక్కూడదు. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్‌లో చైనా సైన్యం చేతిలో చనిపోయిన పదిమంది గుర్తుగా ఏటా అక్టోబర్ 21న గాల్లోకి తుపాకులు పేల్చి వందనం చేస్తాం. 2024లో ఆ వందనం చేసిన వారంలోనే ఈ వేటు పడింది.

సాహిత్యం చదివే మన వాళ్లకూ ఇందులో వాటా ఉంది. పోలీసు హింస మీద తెలుగులో గొప్ప కథలూ కవితలూ వచ్చాయి, రావాలి కూడా. కానీ వాటిలో చాలావరకు కానిస్టేబుల్ ఒక బూటు, ఒక లాఠీ. పతంజలి ‘ఖాకీవనం’ లాంటి నవలలు వేళ్లమీద లెక్కపెట్టాలి. ఊళ్లో డిగ్రీ చదివి, కోచింగ్ ఫీజుకి అప్పు చేసి, 1600 మీటర్లు రొప్పుతూ పరిగెత్తి ఆ యూనిఫాం వేసుకున్న కుర్రాడు ఎవరు? రెండేళ్లకే లాకప్‌లో చెయ్యెత్తేవాడు ఎలా అయ్యాడు? దీని మీద ఎందుకు రాయం?

2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరు చేయండి, బదిలీల్లో రాజకీయ జోక్యం ఆపండి, ఫిర్యాదులు వినడానికి విడి అథారిటీ పెట్టండి. దేశంలో ఏ రాష్ట్రమూ వాటిని పూర్తిగా అమలు చేయలేదు. పోలీసుని గౌరవిస్తున్నామంటే అడగాల్సినవి ఇవే. వీటితో పాటు ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు, నిందితుడిని తీసుకెళ్లడానికి ఒక జీపు. వాటికి కావాల్సింది పన్ను డబ్బు, అడిగే ఓపిక. పూలకైతే పది రూపాయలు చాలు. చెప్పులు ఎలాగూ కాళ్లకే ఉంటాయి.