రాగం వింటే రోగం పోతుందా?

శాస్త్రీయ సంగీతం వింటే నరాల జబ్బులు నయమవుతాయా అని అడుగుతూ ఉప్పల్, నాచారం ప్రాంతాల నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. ముగ్గురి జబ్బులూ వేరు. అంచేత జవాబులు కూడా విడివిడిగా చెబుతున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్ళు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు గాని మాట రాలేదు. ఏది అడిగినా "అది... అది" అంటారు. మేము చెప్పేది మాత్రం ఆవిడకు తెలుస్తూనే ఉంటుంది. చిత్రమేమిటంటే, పొద్దున్నే ఫోనులో త్యాగరాజ కీర్తన పెడితే మాటలతో సహా పాడేస్తారు! ఇది చూసి పక్కింటాయన, ఫలానా రాగం రోజూ రెండు గంటలు వినిపిస్తే రక్తపోటు కూడా దిగుతుంది, మాత్రలు అక్కర్లేదు అన్నారు. నాలుగు రోజులుగా మాత్రలు ఆపాం. మంచిదేనా?
— ఒక గృహిణి, నాచారం

జవాబు: మంచిది కాదమ్మా. మీ ఉత్తరం అందిన రోజునే ఈ సంగతి మీకు ఫోనులో చెప్పాను. మిగతా పాఠకుల కోసం మళ్ళీ చెబుతున్నాను. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. దాన్ని ఆపేవి ఆ మాత్రలే. పాట వింటున్నంతసేపు మనసు కుదుటపడి రక్తపోటు కొద్దిగా దిగవచ్చు. కాని అది రోజంతా నిలిచేది కాదు. మాత్రలు ఆపిన ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ రోజే రక్తపోటు చూపించుకుని, మందులిచ్చిన డాక్టరుగారిని కలిసి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక, మాట రాని మనిషి పాట ఎలా పాడగలిగింది? మాట్లాడే శక్తికి కేంద్రం చాలామందికి మెదడు ఎడమ సగంలో ఉంటుంది. పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు 1860లలో ఈ సంగతి బయటపెట్టాడు. మెదడు ఎడమ సగం శరీరపు కుడి భాగాన్ని ఆడిస్తుంది. కుడివైపు పక్షవాతంతోపాటు మాట పోవడం అందుకే. పాటకు మాత్రం మెదడు రెండు సగాలూ పనిచేస్తాయి. పైగా ఎన్నో ఏళ్ళు పాడుకున్న కీర్తనలో మాటలు రాగంతో కలిసి దండలో పూలలా వరుసగా వచ్చేస్తాయి. "నాకు దాహంగా ఉంది" అని అప్పటికప్పుడు మాట కూర్చుకోవడం వేరే పని. కాబట్టి కీర్తన పాడారు గనుక మాట వచ్చేసినట్టే అనుకోకండి. కాని పాట సాయంతో మాట రప్పించే దారి ఒకటి ఉంది.

అమెరికాలో బోస్టన్ డాక్టర్లు 1973లో ఈ పద్ధతిని ప్రకటించారు. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. దీనికి పెద్ద రాగాలు అక్కర్లేదు. కిందొకటి, పైనొకటి రెండు స్వరాలుంటే చాలు. మన లెక్కలో షడ్జమం, గాంధారం అనుకోండి. ఆవిడ ఎదురుగా కూర్చుని, రోజూ అవసరమయ్యే చిన్న మాట ఒకటి తీసుకోండి. "నీళ్ళు కావాలి" అన్నదాన్ని నీ-ళ్ళు-కా-వా-లి అని సాగదీసి ఆ రెండు స్వరాల మీద పాడండి. ఒక్కో అక్షరానికి ఆవిడ ఎడమ చేత్తో బల్లమీద ఒక్కో దెబ్బ వేయించండి. మొదట మీరు పాడాలి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత ఆవిడ ఒక్కరే. మాట స్థిరపడ్డాక రాగం మెల్లగా తగ్గించి మామూలుగా అనిపించాలి. మాట అర్థమవుతూ నోట రానివారికి ఇది ఎక్కువ పనికొస్తుంది. అయితే అందరికీ ఒకే ఫలితం రాదు. మాట నేర్పే నిపుణుల దగ్గర మొదలుపెట్టి ఇంట్లో సాధన చేయించడం ఉత్తమం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం మీకు దూరం కాదు. అక్కడ విచారించండి.

ఊరికే వినడం వల్ల కూడా లాభముంది. ఫిన్లాండులో హెల్సింకి పరిశోధకులు పక్షవాతం వచ్చిన 60 మందిని తీసుకుని, కొందరికి రెండు నెలలపాటు రోజూ సంగీతం, కొందరికి చదివి రికార్డు చేసిన పుస్తకాలు వినిపించారు. మిగతావారికి ఏదీ వినిపించలేదు. సంగీతం విన్నవారిలో మాటలు గుర్తుపెట్టుకునే శక్తి, ఏకాగ్రత ఎక్కువగా తిరిగి వచ్చాయని 2008లో ప్రకటించారు. ఆ సంగీతం రోగులు తమకు తామే ఎంచుకున్నది! కనుక మీ అత్తగారికి త్యాగరాజ కీర్తన ఇష్టమైతే అదే పెట్టండి. ఒకరికి అన్నమయ్య, ఇంకొకరికి పాత సినిమా పాట. గంటసేపు వినిపించి ఆపెయ్యండి. మాట సాధన చేసేటప్పుడు రేడియో, టీవీ రెండూ కట్టెయ్యాలి.

శిష్యుడి కడుపునొప్పి పోవడానికి ముత్తుస్వామి దీక్షితార్ నవగ్రహ కీర్తనలు రచించారని సంప్రదాయం చెబుతుంది. మన బాలమురళీకృష్ణగారు కూడా సంగీత చికిత్స మీద ఆసక్తి చూపారు. ఆ గౌరవం అలాగే ఉండనివ్వండి. కాని ఈ రాగం రక్తపోటుకు, ఆ రాగం మధుమేహానికి అని అచ్చువేసి పంచుతున్న పట్టికలకు రుజువు లేదు.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. పార్కిన్సన్ జబ్బుకు మందులు వాడుతున్నాను. గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మా మనవరాలు ఆది తాళం వేస్తూ పాఠం పాడుతుంటే మాత్రం అడుగు పడుతోంది. ఇది నా భ్రమా?
— ఒక రిటైర్డు ఉద్యోగి, ఉప్పల్

జవాబు: భ్రమ కాదండీ. నడకకు లోపలి నుంచి లయ అందించే మెదడు భాగం ఈ జబ్బులో దెబ్బతింటుంది. ఆ లయను బయటినుంచి చెవికి అందిస్తే కాళ్ళు దాన్ని అందుకుంటాయి. అమెరికాలో మైకేల్ థౌట్ బృందం 1996లో ప్రకటించిన పరిశోధనలో, మూడు వారాలు రోజూ అరగంట తాళానికి నడిచిన రోగుల నడక వేగం 25 శాతం, అంగ పొడవు 12 శాతం పెరిగాయి.

మీరు మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తారో ముందు లెక్కపెట్టించుకోండి. 80 అనుకుందాం. ఫోనులో మెట్రోనోము 80కి పెట్టుకుని వారం రోజులు నడవండి. అలవాటయ్యాక 84, తర్వాత 88. పాటే కావాలంటే దెబ్బ స్పష్టంగా వినిపించేది ఎంచుకోండి. ఆలాపన చెవికి హాయిగా ఉంటుంది గాని నడకకు సాయపడదు. గుమ్మం దగ్గర నేలమీద అడ్డంగా రంగు టేపు అంటించి దాన్ని దాటుతున్నట్టు అడుగు వెయ్యండి. పక్కన ఒక మనిషి ఉండాలి. ఈ సాధన ఇంట్లోనో మేడమీదో చెయ్యండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉప్పల్ చౌరస్తా రోడ్డు దాటవద్దు. మందుల వేళలు తప్పవద్దు.

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్ళు. మూర్ఛకు మందు వాడుతున్నాం. మొజార్ట్ సంగీతం వింటే మూర్ఛ తగ్గి తెలివి పెరుగుతుందంటున్నారు. నిజమేనా?
— ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: తెలివి సంగతి ముందు. 1993లో కాలిఫోర్నియాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపిస్తే కాగితం మడతల లెక్కలాంటివి కాస్త బాగా చేశారు. ఆ చురుకు పావుగంటలోపే పోయింది. దీన్ని పట్టుకునే 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇస్తామన్నాడు! అసలు పరిశోధనలో పసిపిల్లలు లేనే లేరు.

మొజార్ట్ రెండు పియానోల కోసం రాసిన ఒక సొనాటా వింటున్నప్పుడు కొందరు మూర్ఛ రోగుల మెదడులో విద్యుత్ అలజడి తగ్గినట్టు కనిపించింది. అంతమాత్రాన మందు ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. బాబుకు సంగీతం నేర్పించండి, సంతోషమే. బహు అరుదుగా కొందరికి పాట వింటేనే మూర్ఛ వస్తుంది. అలాంటిది కనిపిస్తే ఏ పాటకు వచ్చిందో రాసిపెట్టుకుని నరాల డాక్టరుకు చూపించండి.

మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, నోట్లో ఏమీ కుక్కవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి. ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అదే నంబరు. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అది కూడా ఎంత ముందుగా పడితే అంత మేలు.