పడవ నడిపే చేతికి తర్ఫీదు

రాయదుర్గం ప్రాంతంలో పడవ శిక్షణ మాటెత్తితే నవ్వేవారే ఎక్కువ. తాగునీటికే కటకటలాడే చోట పడవలేమిటన్న ప్రశ్న సహజమే. కాని నీరు అరుదైన చోటే దాని ప్రమాదం ఎక్కువ. ఏటి ఒడ్డున పెరిగినవారికి నీటి తీరు తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఎండిన చెరువు పక్కన పెరిగిన పిల్లలకు ఈతయినా రాదు.

వేదవతి ఎగువన కర్ణాటకలోని వాణీవిలాస సాగరం 1933 తర్వాత మళ్లీ 2022లోనే పొర్లింది. ఆ ఏటి నీరే గుమ్మగట్ట మండలంలోని భైరవానితిప్ప జలాశయానికి ఆధారం. నీరు చేరితే చేపలవేట సాగుతుంది. చూడవచ్చే జనమూ పెరుగుతారు. 'ఒక్క చుట్టు తిప్పు' అని పిల్లలు మారాం చేస్తే పడవవాడు కాదనలేడు. ఇదే జిల్లాలో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో 2017 ఏప్రిల్ 28న పడవ మునిగి, పిల్లలతో సహా పదిమందికి పైగా మరణించారు. అదే ఏడాది నవంబరులో కృష్ణానదిపై పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద ఇంకా పెద్ద ఘోరాలు జరిగాయి. అయినా పాఠం నేర్వకపోవడం శోచనీయం.

బస్సు నడపడానికి లైసెన్సు కావాలని అందరికీ తెలుసు. ఇంజను పడవకూ అంతే. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజను పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ ఉండాలి. నడిపే సరంగుకు అర్హతా పత్రం ఉండాలి. ఇంజను లేని పడవల నమోదును పంచాయతీలకు అప్పగించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

శిక్షణ అంటే ఇంజను తిప్పడం ఒక్కటే కాదు. ఎంతమందిని ఎక్కించాలి, బరువు ఎటు సర్దాలి, గాలి లేచినప్పుడు ఎప్పుడు ఒడ్డుకు మళ్లాలి అన్నవి నేర్పుతారు. మనిషి నీటిలో పడితే దగ్గరకు చేరేలోగా ఇంజను ఆపాలి. లేకుంటే తిరిగే రెక్కలే ప్రాణం తీస్తాయి. నడిపేవాడు జారిపడితే ఇంజను తానే ఆగేలా అతని ఒంటికి కట్టుకునే తాడు ఉంటుంది. ఇవి చూసి నేర్చుకునేవి కావు, చేసి నేర్చుకోవలసినవి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ పవర్ బోటు నడపడంలోనూ, నీటిలో పడినవారిని కాపాడడంలోనూ శిక్షణ ఇస్తోంది. నదుల్లో తిరిగే పడవల సిబ్బందికి పాట్నాలో జాతీయ సంస్థ ఉంది.

దూరాభారం, ఖర్చు పేద మత్స్యకారులకు మోయరానివి. అందుకే మత్స్యశాఖ చొరవ చూపాలి. ప్రతి మత్స్యకార సహకార సంఘం నుంచి ఇద్దరు యువకులనైనా ప్రభుత్వ ఖర్చుతో పంపించాలి. వారు తిరిగి వచ్చి తక్కినవారికి నేర్పగలరు. ఆ చదువుతో వారికి బయట కూడా బతుకుతెరువు దొరుకుతుంది.

గ్రామస్థుల బాధ్యతా తక్కువేమీ కాదు. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కరాదు. కిక్కిరిసిన పడవలో పిల్లలను కూర్చోబెట్టరాదు. చేపల పుట్టి షికారుకు కాదని పెద్దలే చెప్పాలి.

వాన ఎప్పుడు కురుస్తుందో ఎవరూ చెప్పలేరు. చెరువు నిండాక శిక్షణకు దరఖాస్తు రాస్తే అది చేరేలోగా పడవ నీటిలో ఉంటుంది. చెరువు ఎండి ఉన్నప్పుడే గట్టు బాగుచేసుకునే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.