బస్సులో మర్యాద: ఎవరు ఎవరికి బాకీ?

పల్లె స్టాపులో చెయ్యెత్తి నిలబడ్డా బస్సు ఆగకుండా వెళ్ళిపోయిందన్న ఫిర్యాదు ఒక పక్క. ఆపలేదని వెంటబడి వచ్చి డ్రైవరు మీద చెయ్యి చేసుకున్నారన్న వార్త మరొక పక్క. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చిన తర్వాత ఈ రెండు రకాల మాటలూ పల్లెల్లో తరచుగా వినవస్తున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ సౌకర్యం అమలులోకి వచ్చింది. బస్సులు కిటకిటలాడుతున్నాయి. ఇదివరకటి మర్యాద ఇప్పుడు లేదని సిబ్బంది, ప్రయాణీకులు ఉభయులూ అంటున్నారు. తప్పు మాత్రం ఎదుటివారిదేనని ఎవరికి వారు చెప్పుకుంటున్నారు.

అసలు బస్సులో మర్యాద అన్నది మనుషుల స్వభావాన్ని బట్టి ఉంటుందా, లేక బస్సు నడిపే పద్ధతిని బట్టి ఉంటుందా? ఇతర దేశాల అనుభవం చూస్తే రెండవదానికే ఎక్కువ బలం కనిపిస్తుంది.

దిగే తలుపును బట్టి మాట

బ్రిటన్‌లో లండన్ వెలుపల చాలా ఊళ్ళలో బస్సు దిగే ప్రయాణీకుడు డ్రైవరుకు "థాంక్యూ" చెప్పి మరీ దిగుతాడు. పిల్లలకు కూడా ఇది చిన్ననాడే అలవాటు చేస్తారు. ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలోనూ ఈ ఆచారం ఉంది. కానీ అదే బ్రిటన్‌లో, లండన్ నగరంలో ఈ మాట అంతగా వినపడదు. లండన్ వారికి మర్యాద తెలియక కాదు. అక్కడి బస్సులకు సాధారణంగా ముందు తలుపున ఎక్కి, మధ్య తలుపున దిగుతారు. దిగేవారికి డ్రైవరు ముఖం కనిపించదు. చిన్న ఊళ్ళ బస్సులకు ఎక్కడానికీ దిగడానికీ ఒకటే తలుపు. దిగేవాడు డ్రైవరు పక్క నుంచే పోవాలి. మనిషి ఎదురుగా ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

బ్రిటన్‌లోనూ ఒకప్పుడు బస్సుకు కండక్టర్లు ఉండేవారు. 1966 నుంచి రెండంతస్తుల బస్సులను కూడా కండక్టరు లేకుండా నడపడానికి అనుమతి లభించింది. లండన్‌లో కండక్టర్లతో నడిచిన పాతకాలపు ఎర్ర బస్సులను మామూలు రూట్ల నుంచి 2005 డిసెంబరులో తప్పించారు. టికెట్ ఇచ్చే పని డ్రైవరు చేతికి వచ్చాకే ప్రయాణీకుడికీ డ్రైవరుకూ నేరుగా పలకరింపు ఏర్పడింది.

జపాన్‌లో పరిస్థితి మరో విధం. అక్కడ చాలా ఊళ్ళలో వెనుక తలుపున ఎక్కి, దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో చార్జీ వేసి ముందు తలుపున దిగుతారు. డ్రైవరే మైకులో ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెబుతాడు. ప్రయాణీకులూ బదులు చెప్పి దిగుతారు. అయితే బస్సు నడుస్తున్నంతసేపూ డ్రైవరుతో మాట్లాడరాదని లోపల రాసి ఉంటుంది. బస్సు కదులుతుంటే మౌనం, ఆగితే పలకరింపు. అక్కడ రెండూ మర్యాదలే.

మన మర్యాద వేరు

మన ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరుకు, ప్రయాణీకులకు మధ్య కండక్టరు ఉన్నాడు. డ్రైవరు ఎక్కే తలుపు వేరు, కూర్చునే చోటు వేరు. ప్రయాణీకుడికి అతని వీపు తప్ప ముఖం కనిపించదు. దిగేటప్పుడు "ధన్యవాదాలు" అంటే ఆ మాట సభలో ఉపన్యాసంలా ఉంటుంది గాని, బస్సులో మాటలా ఉండదు. అంతమాత్రాన మనకు మర్యాద లేదనుకోవడం పొరపాటు.

మన పల్లె బస్సులో మర్యాద వరుసల్లో ఉంది. "అన్నా, కాస్త ఆపన్నా" అనే మాటలో ఉంది. "పెద్దమ్మా, నెమ్మదిగా దిగు" అని కండక్టరు గంప అందించడంలో ఉంది. పరుగెత్తుకొచ్చే బడిపిల్లల కోసం అర నిమిషం బ్రేకు మీద కాలుంచడంలో ఉంది. ఊరికి కొత్తగా బస్సు వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, పూలదండ వేసి, సిబ్బందికి బొట్టు పెట్టిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. రాత్రి బస ఊళ్ళోనే చేసే బస్సు ఉంటే, దాని డ్రైవరుకు, కండక్టరుకు ఊరివారే పడక చూపడం, నీళ్ళు తోడివ్వడం, పండుగనాడు భోజనం పెట్టడం కద్దు. పొద్దున్నే పట్నంలో పని ఉన్నవారు రాత్రే చెప్పి ఉంచితే, తెల్లవారుజామున ఆ ఇంటి ముందు హారన్ కొట్టిన డ్రైవర్లు కూడా ఉన్నారు. ఇదంతా నోటిమాటతో తీరే కృతజ్ఞత కాదు. పనికి పని, సాయానికి సాయం.

ఈ రకం మర్యాదకు ముఖపరిచయం కావాలి, తీరిక కావాలి. ఇప్పుడు కరువవుతున్నవి ఈ రెండే. డ్యూటీలు మారిపోతుంటాయి కనుక ఊరివారికి సిబ్బంది ముఖాలు తెలియవు. కొన్ని సర్వీసుల్లో కండక్టరు లేకుండా డ్రైవరే టికెట్లు ఇస్తున్నాడు. బ్రిటన్‌లో ఈ పద్ధతి పలకరింపును పెంచిన మాట నిజమే. కానీ కిక్కిరిసిన బస్సులో చిల్లర చూసుకుంటూ, మిషను నొక్కుతూ, టైము చూసుకునే డ్రైవరు నుంచి అదే పలకరింపును ఆశించడం కష్టం.

మర్యాదే మొదటి డిమాండు

బస్సులో మర్యాద చిన్న విషయమని తీసిపారేసేవారు అమెరికాలో జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో బస్సు ప్రయాణీకుల్లో అధికులు నల్లవారు. అయినా ముందు సీట్లు తెల్లవారివి. నల్లవారు ముందు తలుపు దగ్గర చార్జీ చెల్లించి, కిందికి దిగి వెనుక తలుపున ఎక్కాలని తరచుగా చెప్పేవారు. వారు అటు నడిచివెళ్ళేలోగా బస్సు కదిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే మహిళ తన సీటు ఖాళీ చేయనందుకు అరెస్టయింది. డిసెంబరు 5 నుంచి నల్లవారు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు నడిచారు, సొంత కార్లలో ఒకరినొకరు చేరవేసుకున్నారు. చివరకు బస్సుల్లో జాతి విభజన చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టులో తేలింది.

ఆ ఉద్యమం తొలి రోజుల్లో పెట్టిన డిమాండ్లు మూడు. ముందు వచ్చినవారికి ముందు సీటు, నల్లవారికి డ్రైవరు ఉద్యోగాలు అన్నవి వాటిలో రెండు. జాబితాలో మొట్టమొదటిది మాత్రం డ్రైవర్లు తమతో మర్యాదగా వ్యవహరించాలన్నది. చార్జీ చెల్లించి కూడా మాట పడవలసి రావడం వారికి అన్నిటికంటే ముందు గుచ్చుకున్న ముల్లు. అక్కడి జాతి వివక్షకూ మన పల్లె బస్సుకూ పోలిక పెట్టడం సరికాదు. కానీ ఒక నీతి ఉభయత్రా వర్తిస్తుంది: బస్సులో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో అధికారం వారి చేతిలో ఉంది. కనుక మర్యాద మొదలు కావలసింది కూడా అక్కడి నుంచే.

ఆగని బస్సు వెనుక లెక్క

ఉచితంగా ఎక్కుతున్నారు కదా అన్న చులకన మాట కొందరు మహిళలు పడవలసి వస్తోంది. ఇది పూర్తిగా అపార్థం. మహిళకు ఇచ్చే జీరో టికెట్‌కు విలువ ఉంది. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించవలసి ఉంటుంది. టికెట్ తీసుకున్న మహిళ మిగతా ప్రయాణీకులతో సమానం. అందుకే ఆధార్ చూపి టికెట్ తీసుకోవడం ఆమె బాధ్యత, చిరాకు పడకుండా ఇవ్వడం కండక్టరు బాధ్యత.

డ్రైవరు వైపు లెక్క కూడా ఊరివారు తెలుసుకోవాలి. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నది డిపోలో డ్రైవరు పేరు మీద చూస్తారు. ఆపిన ప్రతిసారీ, మళ్ళీ కదిలించిన ప్రతిసారీ డీజిలు ఖర్చవుతుంది, టైము తప్పుతుంది. రోజుకు 8 గంటల పని, 5 గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ట్రిప్పు ఆలస్యమైతే ముందు తెగిపోయేది ఆ విశ్రాంతే. చెయ్యెత్తిన చోట ఆపమని ఒక పక్క, టైముకు చేర్చమని మరొక పక్క చెబితే డ్రైవరు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. వదులుకునేది పల్లె స్టాపునే కావడం విచారకరం.

కాబట్టి ఈ తగవు స్టాపులో తీరేది కాదు. రద్దీని బట్టి ట్రిప్పులు పెంచి, నిజంగా పట్టే సమయాన్ని బట్టి టైము నిర్ణయించవలసిన బాధ్యత యాజమాన్యానిది. డ్రైవరును కొట్టినందువల్ల మరునాడు ఇంకో బస్సు రాదు సరికదా, కొట్టినవారే కేసులో చిక్కుకుంటారు. చట్టం దృష్టిలో ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ సేవకులు. విధి నిర్వహణలో ఉన్నవారిపై దౌర్జన్యం చేస్తే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షను కింద 2 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు.

చేయదగినవి

స్టాపు దాటి పది చోట్ల నిలబడకుండా ఒకేచోట నిలబడటం, బస్సు దూరాన ఉండగానే చెయ్యెత్తడం, ఊరు రాకముందే లేచి తలుపు దగ్గరకు రావడం, ఆధార్ గాని చిల్లర గాని చేతిలో ఉంచుకోవడం వంటివి ఖర్చులేని పనులు. బస్సు ఆగకపోతే దాని నంబరు, తేదీ, సమయం రాసి పదిమంది సంతకాలతో డిపో మేనేజరుకు ఇస్తే, అది గొడవ కంటే ఎక్కువ పని చేస్తుంది. అదే స్టాపు గురించి నాలుగుసార్లు కాగితం చేరితే దానికి జవాబు చెప్పవలసింది డ్రైవరు కాదు, డిపో.

ఇక సిబ్బంది చేయదగినదీ ఉంది. బస్సులో కాలు పెట్టే చోటు లేనప్పుడు వేగం పెంచి దాటిపోకుండా, "వెనుక బండి వస్తోంది" అని ఒక్క మాట చెప్పి పోతే సగం కోపం అక్కడే చల్లారుతుంది. అయితే ఆ వెనుక బండి నిజంగా రావాలి. అలా చెప్పి రాకపోతే, మరునాడు ఆ మాటకూ విలువ ఉండదు, చెప్పినవారికీ విలువ ఉండదు.