రాసివ్వనన్న సమురాయ్

మొన్న శనివారం రాత్రి కత్తియుద్ధాలు చూద్దామనే 'సమురాయ్ రెబెల్లియన్' పెట్టుకున్నాను. 1967 నాటి జపాన్ సినిమా, బ్లాక్ అండ్ వైట్. దర్శకుడు మసాకి కొబయాషి. హీరో తొషిరో మిఫునే, అదే, 'సెవెన్ సమురాయ్'లో గంతులేసిన మనిషి. ఇంకేం, తలకాయలు ఎగిరిపోతాయనుకున్నా. గంట గడిచినా ఒక్కడి మీదా కత్తి పడలేదు. అందరూ గదుల్లో మోకాళ్ల మీద కూర్చుని ఒకటే చర్చ: కోడల్ని వెనక్కి పంపుతారా, పంపరా?

మిఫునే పాత్ర పేరు ఇసబురో. ఐజు సంస్థానంలో కొలువు. కత్తి పడితే అతనికి సాటి ఒక్క స్నేహితుడే. ఇంట్లో మాత్రం ఇల్లరికపు అల్లుడు, ఇరవై ఏళ్లుగా భార్య మాటకు తలూపుతున్నవాడు. ఒకరోజు కోట నుంచి కబురొస్తుంది. ప్రభువు ఉంపుడుగత్తె ఇచిని మీ పెద్దబ్బాయికి చేసుకోండి అని. ప్రభువుకి కొడుకుని కన్న ఆ అమ్మాయి, ఆయన తెచ్చుకున్న ఇంకో అమ్మాయి మీద చెయ్యి చేసుకుందట. అందుకని వదిలించుకుంటున్నారు. కాదనలేక చేసుకుంటారు. తీరా చూస్తే పిల్ల బంగారం. మొగుడూ పెళ్లాలు ప్రేమగా ఉంటారు, ఓ పాప పుడుతుంది. అంతలో ప్రభువు వారసుడు చనిపోతాడు. ఇచి కన్న పిల్లాడు వారసుడవుతాడు. వారసుడి తల్లి ఓ కొలువుదారు ఇంట్లో ఉంటే కోటకి పరువు తక్కువ కదా! పంపెయ్యండి అని మళ్లీ కబురు.

తండ్రీకొడుకులు కుదరదంటారు. ఇచిని మోసంతో కోటకి తీసుకుపోతారు. అసలు సంగతి అప్పుడు మొదలవుతుంది. ఆమెను మేమే ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నామని ఓ విన్నపం రాసివ్వమంటారు. మనిషి ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంది. అయినా కాగితం కావాలి! ఇసబురో తిరగబడేది అక్కడే. రాసివ్వడు. పైగా ఇచిని తిరిగి పంపమని తనే ఉత్తరం రాస్తాడు.

సమురాయ్ అనే మాటకి మూలం 'సేవించడం'. వాళ్ల జీతాన్ని 'కోకు'ల్లో, అంటే బియ్యంలో లెక్కగట్టేవారు. ఒక కోకు దాదాపు 150 కిలోలు, ఓ మనిషికి ఏడాది తిండి. పదిహేడో శతాబ్దం నుంచి యుద్ధాలు తగ్గాక చాలామందిది లెక్కలు, దస్తావేజుల పనే. అంటే మనం యోధుడనుకునేవాడు నిజానికి నడుముకి రెండు కత్తులు పెట్టుకున్న ఉద్యోగి.

మరి నిజం సమురాయ్‌లు తిరగబడలేదా? తిరగబడ్డారు. అన్నిటికన్నా పెద్దది 1877లో, సత్సుమాలో. 1873లో నిర్బంధ సైనిక శిక్షణ వచ్చి రైతుబిడ్డ కూడా సైనికుడయ్యాడు. 1876లో బయట కత్తులు ధరించడాన్ని నిషేధించారు. అదే ఏడాది సమురాయ్‌ల భత్యాలు ఆపేసి బాండ్లు చేతిలో పెట్టారు. సైగో తకామోరి నాయకత్వంలో కదిలిన వాళ్ల పోరాటం సెప్టెంబర్ 24న షిరోయామా కొండ మీద ముగిసింది. 1868లో తమని ఓడించిన సత్సుమా మీద కసితో, ఐజు మాజీ సమురాయ్‌లు ప్రభుత్వ పోలీసు దళాల్లో చేరి మరీ ఆ యుద్ధానికి వెళ్లారు.

వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయను. కానీ ఆ తిరుగుబాటు చాలావరకు తమ హోదా, తమ భత్యం పోయినందుకు. సైగోకి 1889లో క్షమాభిక్ష దొరికింది, 1898లో టోక్యోలోని ఉయెనో పార్కులో విగ్రహమూ లేచింది. ఇసబురోది కల్పిత కథ. అయితే, ఓ కోడలి కోసం తిరగబడ్డవాడు నిజంగా ఉన్నా వాడి పేరు రికార్డుల్లో మిగలనిస్తారా? కొబయాషి అడిగేది అదే. 1962లో ఆయనే తీసిన 'హరకిరి' కూడా సంస్థానం చిట్టాలో రాసుకున్న అబద్ధంతోనే ముగుస్తుంది. ఇది ఆయన ఊరికే అన్న మాట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బలవంతంగా సైన్యంలోకి లాగినప్పుడు, ప్రమోషన్ వద్దని మామూలు సిపాయిగానే ఉండిపోయిన మనిషి.

ముగింపు చెప్పేస్తున్నా, క్షమించాలి. కొడుకూ కోడలూ కళ్ల ముందే చనిపోతారు. జరిగింది ఎదో నగరానికి వెళ్లి చెప్పాలని ఇసబురో మనవరాలిని తీసుకుని బయల్దేరుతాడు. పొలిమేర దగ్గర కాపలా ఉన్నది ఆ ఒక్క స్నేహితుడే. అతన్ని గెలుస్తాడు గానీ, పొదల్లో దాక్కున్న తుపాకులని గెలవలేడు. నిజం ఎదో చేరదు. మిగిలింది పాలిచ్చే దాది చేతిలో పసిపిల్ల.

సినిమా అయ్యాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రెండేళ్ల క్రితం, అప్పట్లో చేసే ఆఫీసులో, మా టీంలో ఒకమ్మాయి నాలుగు నెలలు కూర్చుని ఓ మాడ్యూల్ కట్టింది. కాన్పు సెలవుకి వెళ్లింది. పైవాళ్లకి పంపే రిపోర్టులో ఆ పని ఇంకొకరి పేరు మీద పెట్టమన్నారు. టైప్ చేసింది నేనే. రెండు నిమిషాల పని. నా మెడ మీద కత్తేం లేదు, తర్వాతి నెల అప్రైజల్ ఉందంతే. ఆ అమ్మాయి తిరిగొచ్చాక నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇసబురోని చూసి ఈలలేద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే, ఆ కథలో నేను కాగితం రాసిచ్చేవాళ్ల వైపు ఉన్నాను. ఆ అమ్మాయి నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. ఈ కాలమ్ పంపించేసి ఫోన్ చేస్తాను.