చీకటి ఫొటోకి గామా వైద్యం

అమ్మమ్మ పోయాక పటం కట్టిద్దామంటే మాకు బాగున్న ఫొటో ఒక్కటే దొరికింది. వసారాలో తెల్లచీరతో కూర్చుని నవ్వుతోంది. వెనక ఎండ, ముఖం మీద నీడ. తమ్ముడు కంప్యూటర్లో బ్రైట్‌నెస్ పెంచాడు. ముఖం తేలింది కానీ, చీర తెల్లకాగితంలా తయారైంది. 'మా అమ్మ చీరకి మడతలే లేవేంట్రా?' అంది అమ్మ.

అప్పుడు ఆదుకుంది... గామా! ఏమిటది?

చీకటి గదిలో ఒక దీపం పక్కన రెండోది వెలిగిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. వంద దీపాలున్నచోట మరొకటి పెడితే ఎవరూ గమనించరు. మన కన్ను అంతే. నీడల్లోని చిన్న తేడాలనే బాగా పట్టుకుంటుంది.

మామూలు డిజిటల్ ఫొటోలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా 256 మెట్లే ఉంటాయి. వెలుగుని బట్టి వాటిని సమానంగా పంచితే నీడలకు దక్కేవి కొన్నే. అక్కడ చారలు కనిపిస్తాయి. అందుకే కెమెరా నీడలకు ఎక్కువ మెట్లు కేటాయించి దాస్తుంది. తెర దాన్ని తిరగేసి చూపిస్తుంది. ఈ లెక్కే గామా. తెరకి సాధారణంగా అది 2.2. కాబట్టి 128వ మెట్టు దగ్గర తెర ఇచ్చేది సగం వెలుగు కాదు, దాదాపు 22 శాతమే. కంటికి మాత్రం ఇంచుమించు సగంలా తోస్తుంది!

ఒకప్పుడు మ్యాక్ కంప్యూటర్లు 1.8 గామా వాడేవి. అందుకే వాటిలో సరిచేసిన ఫొటో మామూలు పీసీలో ముదురుగా కనిపించేది. 2009లో అవీ 2.2కి మారాయి.

ఇక అమ్మమ్మ ఫొటో సంగతి. తమ్ముడి సాఫ్ట్‌వేర్ అన్ని మెట్లకీ ఒకేలా 37 కలిపేసింది. ముఖం 60 నుంచి 97కి వచ్చింది. కానీ 240 దగ్గరున్న చీర మడతలు 255 దాటిపోయి తెల్లబడ్డాయి. 'లెవెల్స్'లో మధ్యనుండే గామా మీటని 1.00 నుంచి 1.50కి జరిపి చూశాం. ముఖం మళ్లీ 97కే వచ్చింది, మడతలు మాత్రం 245 దగ్గరే ఆగాయి. 0, 255 కదల్లేదు.

మీరూ ప్రయత్నించొచ్చు. అసలు ఫొటోని అలాగే ఉంచి, కాపీ మీద చేయండి. అయితే ఒక్క మాట... పూర్తిగా నల్లబడి 0 అయిపోయినచోట గామా కూడా ఏమీ చేయలేదు.

మా హాల్లో ఇప్పుడు అమ్మమ్మ నవ్వుతోంది. చీర మడతలతో సహా!