బ్యాటరీ చూసుకోని కణం

మా పెద్దమ్మకి కీమో నడుస్తోంది. రెండో సైకిల్ అయ్యాక ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. తిండి ఆపేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయట. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా అన్నం, పాలు, పప్పు మానేసి పది రోజులు నిమ్మరసంతో గడిపింది. మూడో సైకిల్‌కి వెళ్తే నాలుగు కిలోలు తగ్గింది. తెల్లకణాలు కూడా తక్కువున్నాయని డాక్టర్ కీమో వారం వాయిదా వేశారు. అది కీమో వల్లో, తిండి లేకో తెలీదు.

నేను ఎంపీసీ బ్యాచ్. టెన్త్ తర్వాత బయాలజీ ముఖం చూడలేదు. అయినా ఆ ఫార్వర్డ్ నన్ను వదల్లేదు, ఎందుకంటే వినడానికి లాజిక్‌గానే ఉంది. తిండి లేకపోతే కణం ఎలా పెరుగుతుంది?

నిజమే, పెరగదు. మామూలు కణమైతే.

ఫోన్‌లో సిస్టమ్ అప్‌డేట్ నొక్కి చూడండి. ఛార్జింగ్ తక్కువుంటే అసలు మొదలే పెట్టదు. ఒకసారి ఇన్‌స్టాల్ మొదలైందా, స్విచాఫ్ చేయొద్దని బతిమాలుతుంది. కణం కూడా అంతే. రెండుగా చీలే ముందు డీఎన్‌ఏ మొత్తం, అంటే మనిషి కణంలో దాదాపు 600 కోట్ల అక్షరాలు, కాపీ చేసుకోవాలి. గంటల తరబడి పని. మధ్యలో సరుకు అయిపోతే కాపీ చెడిపోతుంది. అందుకే మొదలెట్టకముందే సరుకు చూసుకుంటుంది. అమైనో ఆమ్లాలు సరిపడా ఉన్నాయా లేదా అని కనిపెట్టే ప్రోటీన్లలో ముఖ్యమైంది ఎంటార్. అవి తగ్గితే ఎంటార్ పని మందగిస్తుంది, విభజనను ముందుకు తోసే సైక్లిన్ డి తయారీ పడిపోతుంది, కణం అక్కడే ఆగుతుంది. వెంటనే చావదు. పడుకుంటుంది. తిండి రాగానే లేస్తుంది.

ఈ సంగతి భలేగా పట్టుకున్నది అమెరికన్ శాస్త్రవేత్త ఆర్థర్ పార్డీ. చిట్టెలుక జాతికి చెందిన హ్యామ్‌స్టర్ కణాలు తీసుకుని కొన్నింటికి సీరం తగ్గించారు, కొన్నింటికి ఐసోల్యూసిన్, ఇంకొన్నింటికి గ్లూటమిన్ ఆపేశారు. అన్నీ విభజన ఆపేశాక మళ్లీ తిండి పెట్టారు. ఆకలి ఏ రకమైనా, డీఎన్‌ఏ కాపీ మళ్లీ మొదలవడానికి పట్టిన టైమ్ మాత్రం ఇంచుమించు ఒకటే! అంటే అన్నీ ఒకే గుమ్మం దగ్గర ఆగాయన్నమాట. 1974లో దానికి రిస్ట్రిక్షన్ పాయింట్ అని పేరు పెట్టారు. గుమ్మం ఒకటి కాదు, రెండు మూడున్నాయని ఇప్పుడు కొందరంటున్నారు, అది వేరే సంగతి. కోడ్ తెరవకుండా కేవలం టైమింగ్ చూసి ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చెప్పేయడం... నాకైతే కుళ్లు పుట్టింది.

అదే పేపర్లో ఇంకో మాట అన్నారాయన. క్యాన్సర్ కణాలు ఈ గుమ్మాన్ని పోగొట్టుకుని ఉంటాయని. తర్వాత చూస్తే చాలా క్యాన్సర్లలో ఈ చెకింగ్ నడిపే జన్యువులే పాడై కనిపించాయి. బ్యాటరీ చూడకుండా అప్‌డేట్ మొదలెట్టే ఫోన్ అది.

ఇప్పుడు చెప్పండి, పెద్దమ్మ ఉపవాసానికి బుద్ధిగా ఆగేదెవరు? ఎముక మజ్జలో, పేగు పొరలో ఉన్న మంచి కణాలు. కీమో దెబ్బ నుంచి తేరుకోవడానికి గబగబా విభజన చెందాల్సినవి. గడ్డకి మాత్రం సరఫరా ఆగదు. మనం తినకపోయినా లివర్ గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, కండ కరిగి అమైనో ఆమ్లాలొస్తాయి.

అలాగని కణానికి ఆకలి పెట్టడం వైద్యం కాదా అంటే, అవుతుంది. మొదట చేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే డీఎన్‌ఏ కాపీకి ఇటుకలు దొరకవు. ఆ విటమిన్‌ని వాడుకోనివ్వకుండా అడ్డుపడే అమినోప్టెరిన్ ఆయన బృందం తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మందిలో 10 మందికి కొంతకాలం నయమైంది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అదీ మంచి కణాల్ని కొడుతుంది కాబట్టే డోసు లెక్కకట్టి, రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. నిమ్మరసానికి ఆ లెక్క ఎక్కడిది?

ఇదంతా ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి ఆ ఫార్వర్డ్ కిందే పెట్టాను. రాత్రి పెద్దమ్మ నుంచి రిప్లై వచ్చింది: "సరే గానీ నాన్నా, పెరుగన్నంలో మాగాయ వేసుకోవచ్చో లేదో డాక్టర్ని అడిగి చెప్పు."