ఎండ మీద నింద

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర ఆదివారం వచ్చిందంటే కొత్త బండ్లకు పూజలే పూజలు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగేదాకా ఆగిన జనానికి పక్కనున్న టీకొట్టే రచ్చబండ. మొన్న అక్కడ కరెంటు బిల్లు మీద పంచాయితీ నడిచింది. "వాతావరణం మారిపోతోందని బెదరగొట్టి సోలార్లు, గాలిమరలు పెట్టారు. ఆ ఖర్చంతా మన నెత్తిన రుద్దుతున్నారు" అని ఒక పెద్దాయన తేల్చేశాడు. నలుగురూ తలూపారు.

"ఆ బిల్లు ఇటివ్వండి బాబాయ్" అన్నాను. చొక్కా జేబులో చెమటకు తడిసి సగం అక్షరాలు చెరిగిన కాగితం. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, వాటి కింద 'ఎఫ్‌పీపీసీఏ'. ఈ నోరు తిరగని పేరుకు అర్థం ఇంధనం, విద్యుత్ కొనుగోలు ధరల సర్దుబాటు. ఎండకు ఇంధనమేముంది? వ్యాగన్లలో వచ్చేది బొగ్గు. 2022 వేసవిలో బొగ్గుకు కటకటై విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయలకు ఎగబాకితే, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 దాటకూడదని కట్టడి చేసింది. మన పరిశ్రమలకు పవర్ హాలిడే అప్పుడే. ఆ 2022-23 సర్దుబాటు కింద దాదాపు 6,073 కోట్లు వసూలు చేసుకోవడానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2024లో అనుమతించింది. బాబాయ్ తిట్టాల్సింది ఈ పద్దును.

ఆయన మాటలో నిజం బొత్తిగా లేదనను. పాత గాలి కరెంటు ఒప్పందాల్లో యూనిట్ 4.84 దాకా రాశారు. 2019లో ప్రభుత్వం దాన్ని 2.43కు దించబోతే, రాసుకున్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచి చెప్పింది. ఆ భారం నిజమే. కానీ 2017కే రాజస్థాన్‌లోని భడ్లాలో సోలార్ 2.44కు దిగింది. 2021లో మన రాష్ట్రం కేంద్ర సోలార్ సంస్థ సెకీతో రాసుకున్నది 2.49. పాత రేటు పట్టుకుని ఇవాళ్టి సోలార్‌ను తిట్టడమేం న్యాయం?

"రాత్రి ఏడింటికి ఎండెక్కడిది?" అన్నాడు పక్కాయన. మంచి ప్రశ్న. నిల్వకు ఖర్చవుతుంది, దాన్నీ లెక్కలో కలపాలి. అయితే మిర్చికి, పత్తికి మోటారు వేసేది పగలే. తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఇస్తామన్నదీ పగటిపూటే.

ఇక బెదిరింపు సంగతి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఈ చుట్టుపక్కల మిర్చి చేలను ముంచేసింది. ఆ తుపాను పూర్తిగా భూతాపం పుణ్యమేనని చెప్పను. కానీ ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట కుమ్మరించక తప్పదు.

పెద్దాయన బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నట్టు లేడు. లేవబోతూ ఆగి, "మా డాబా మీద పొద్దున పూట వేపచెట్టు నీడ పడుద్ది. పలకలు పెడితే పనికొస్తయ్యా?" అన్నాడు.